తొలిభిక్ష గరిటె

"ఏమే దవనా! ఈ గరిటె మేకు మీంచి ఎవరు తీశారు?"

అడిగింది సింగసాని. ఎవరు తీశారో ఆమెకు తెలుసు. పెరట్లో మూడు రాళ్ళ పొయ్యి మీద గుర్రాల దాణాకు ఉలవలు ఉడుకుతున్నాయి. కూతురు దవన వాటిని కలుపుతోంది. ఆమె చేతిలో ఉన్నది కొబ్బరిచిప్పకు వెదురు కాడ తొడిగిన పాత గరిటె. వీధిగుమ్మం పక్కన మేకుకు వేలాడుతూ ఉండవలసినది.

"ఇనప గరిటె కాడ ఊడిందమ్మా. ఇది ఖాళీగా వేలాడుతోంది కదా అని తీశాను."

"ఖాళీగా ఉంటే తీసేస్తావా? రేపు నేను ఖాళీగా కూర్చుంటే నన్నూ తీసి పొయ్యిలో పెడతావా?"

"నువ్వెప్పుడు ఖాళీగా కూర్చున్నావు? చేతులు ఆగినా నోరు పనిచేస్తూనే ఉంటుంది."

గుర్రం ఒంటిని గొరపంతో రుద్దుతున్న కొడుకు కేదారుడు నవ్వు ఆపుకోలేకపోయాడు. సింగసాని అతని వైపు తిరిగింది.

"నువ్వు నవ్వకు! ఇనప గరిటెకు కాడ బిగించరా అని ఎన్నాళ్ళుగా మొత్తుకుంటున్నాను? గుర్రం జీనుకు తెగిన తోలు కుట్టడానికి తీరిక ఉంటుంది. అమ్మ గరిటెకు ఉండదు. ఇది భిక్ష గరిటె! దీన్ని దాణాలో పెట్టడానికి చేతులెలా వచ్చాయే?"

"భిక్ష గరిటెట!" దవన కూడా గొంతు పెంచింది. "నాకు బుద్ధి తెలిశాక ఈ ఇంట్లో భిక్ష వేయగా చూడలేదు. వీధిలో కాషాయం కనబడితే కుక్కను వదులుతావు. భిక్ష వేయని ఇంట్లో భిక్ష గరిటెకు మడి దేనికి?"

సింగసాని పొయ్యిలో కట్టెను అవసరం లేకపోయినా ముందుకు తోసింది. నిప్పురవ్వలు లేచాయి.

మణికుండల రాజ్యంలో రాజధాని నుంచి ధవళగిరి పీఠానికి పోయే కొండదారిలో, గండిమలుపు దగ్గర ఉన్న అంచె గుర్రాల మజిలీ అది. రాజుగారి వర్తమానాలు మోసే రౌతులు అక్కడ అలసిన గుర్రాన్ని వదిలి కొత్త గుర్రం ఎక్కి పోతారు. ఆ మజిలీని ఒకప్పుడు సింగసాని భర్త కాచన నడిపేవాడు. అప్పుడు రాజ్యమేలినవాడు కరాళకేతుడు. కళ్ళంలోని పంటను కళ్ళంలోంచే తోలుకుపోయే ఆ రాజుకు ఎదురు తిరిగిన రైతులను కాచన కొండగుహలో దాచాడు. భటులు వచ్చి అడిగితే తెలియదన్నాడు. కొట్టినా తెలియదన్నాడు.

తర్వాత ఒక మధ్యాహ్నం జడలు కట్టిన సన్యాసి ఒకడు గుమ్మంలోకి వచ్చాడు. సింగసాని ఈ గరిటెతోనే భిక్ష వేసింది. ఆయన అరుగు మీద విశ్రమించాడు. ఆ ముఖంలోని శాంతం చూసి కాచన ఆయన పాదాల దగ్గర కూర్చున్నాడు. "స్వామీ, నేను అబద్ధమాడుతున్నాను. గుహలో మనుషులను పెట్టుకుని తెలియదంటున్నాను. ఇది పాపమేనా?" అని అడిగాడు. "పాపం కాదు నాయనా" అని ఆ సన్యాసి తల నిమిరి వెళ్ళాడు. మర్నాడు పొద్దు పొడవకముందే భటులు తిన్నగా గుహకే వెళ్ళారు. కాచనను నల్లకోన కోటకు తీసుకుపోయారు. ఆ కోటలోకి వెళ్ళినవాళ్ళెవరూ తిరిగి రాలేదు.

ఆ సన్యాసి సన్యాసి కాడని, వేగులవాడని తర్వాత తెలిసింది. అలాంటి వాళ్ళు రాజ్యమంతటా తిరిగారు. వాళ్ళందరికీ జడలు అల్లి, విభూతి పూసి, ముఖంలో శాంతం దిద్ది పంపినవాడు ఒక్కడే. కరాళకేతుడి వేగుల కొలువులో వేషాలు కట్టే ఉద్యోగి. ముఖాల మార్తాండుడు అనేవారు అతన్ని. కరాళకేతుడు యుద్ధంలో చచ్చి కొత్త రాజు వచ్చాక మార్తాండుడు ఎటు పోయాడో ఎవరికీ తెలియలేదు, ఈ మధ్య దాకా.

తల్లీకూతుళ్ళ తగాదా అలా సగంలో ఆగి ఉండగానే దారి మీద శంఖం వినిపించింది.

ధవళగిరికి కొత్త పీఠాధిపతి వచ్చేటప్పుడు ఒక ఆచారం ఉంది. ముందురోజు మఠం నుంచి తెల్లని ఆవుదూడను వదులుతారు. అది ఏ ఇంటి గరిటె నాకితే, ఆ ఇంటి ఇల్లాలు ఆ గరిటెతోనే స్వామికి తొలిభిక్ష వేయాలి. ఆ ముద్ద తిన్నాకే ఆయన పీఠం ఎక్కాలి. అది అందేదాకా పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకూడదు. ఆ ఇల్లాలు నోరు తెరిచి "లేదు" అంటే స్వామి పీఠానికి పనికిరాడు. కాని లేదన్న ఇంటి పొయ్యి ఆర్పించి, ఇంటిల్లిపాదినీ రాజ్యం పొలిమేర దాటిస్తారు.

ఈ పుణ్యం కోసం దారి పొడుగునా జనం గరిటెలకు బెల్లం పాకం పూసి గుమ్మాల్లో నిలబడ్డారు. దూడ పాపం ఏ గరిటెనూ నాకలేదు. పొద్దుటి నుంచి బెల్లం వాసనతో దానికి మొహం మొత్తినట్టుంది. మజిలీ దగ్గరికి వచ్చేసరికి ఉడికిన ఉలవల వాసన దాని ముక్కుకు సోకింది. ఒక్క గెంతులో కంచె దాటి, పెరట్లోకి చొరబడి, దవన చేతిలోని గరిటెను చప్పరించడం మొదలుపెట్టింది.

"హయ్ హయ్! పో!" అని దవన తోసింది. దూడ వదలలేదు.

వెనకే మఠం అధికారి శివంకరుడు రొప్పుతూ వచ్చాడు. పట్టుశాలువా కంచెకు తగులుకుని చిరిగింది. అయినా చేతులు జోడించాడు.

"ధన్యులు తల్లీ! రేపు ప్రశాంతపాద స్వామివారి తొలిభిక్ష మీ ఇంటే."

సింగసాని లేచి నిలబడింది.

"ప్రశాంతపాదులంటే ఎవరు? ఆ ముఖాల మార్తాండుడే కదూ?"

శివంకరుడి చేతులు విడిపోయాయి. "సన్యాసి పూర్వాశ్రమం ఎత్తకూడదమ్మా. సన్యాసం పుచ్చుకున్న నాడే ఆయన తన పిండం తాను పెట్టుకున్నారు. ఆ మనిషి చచ్చిపోయాడు. రాజధానిలో పండితులందరూ ఒప్పుకున్నారు."

"అలాగా? మా ఆయన కూడా చచ్చిపోయాడంటున్నారు. నేనింకా పిండం పెట్టలేదు. మీ మార్తాండుడు మాత్రం తన చావుకు తానే పిండం పెట్టుకుని, శుభ్రంగా స్నానం చేసి, రేపు నా గుమ్మంలోకి అన్నానికి వస్తాడు!"

"కోపం మంచిది కాదు తల్లీ. లేదంటే ఏమవుతుందో తెలుసు కదా."

"తెలుసు. పొయ్యి ఆర్పుతారు. ఈ పొయ్యి ఆరితే ఆకలితో ఉండేది మీ రాజుగారి గుర్రాలే. వెళ్ళండి. దూడను తోలుకుపొండి, నా ఉలవలన్నీ తినేస్తోంది."

శివంకరుడు వెళ్ళాక పెరట్లో దూడ పేడ, చల్లారుతున్న ఉలవలు, ముగ్గురు మనుషులు మిగిలారు. కేదారుడు జీను తీసుకుని గాలిచుక్క అనే తన గుర్రం మీద వేశాడు.

"ఎక్కడికిరా?"

"వాణ్ణి చూడాలి. నీ చేతి ముద్ద తినే ముందు నాతో మాట్లాడాలి వాడు."

"మఠంలోకి నిన్ను రానిస్తారా? పట్టాభిషేకం దాకా సన్యాసులను తప్ప ఎవరినీ రానివ్వరు."

"అయితే సన్యాసినై పోతాను. అంత కష్టమైన పని కాదని మన రాజ్యంలో ఒకసారి తేలింది కదా."

దవన గుర్రం తోక వెంట్రుకలు కత్తిరించి జడలు పేనింది. పొయ్యిలోని బూడిద జల్లెడ పట్టి ఇచ్చింది. పాత దుప్పటికి కావిరాతితో రంగు వేసింది. సింగసాని ఇదంతా చూస్తూనే గరిటెను కడిగి, తుడిచి, మేకుకు తగిలించింది.

గాలిచుక్క గండిమలుపు దాటి ధవళగిరి దారి పట్టింది. ఎడమవైపు లోయలో మంచు పాలపొంగులా పైకి లేచి, కొండచరియలను ముంచి, మళ్ళీ జారిపోతోంది. కుడివైపు మోదుగులు విరగబూసి అడవి అంచంతా ఎర్రగా ఉంది. ఎదురుగా ధవళగిరి. వెన్నముద్దను చేత్తో గిల్లి నిలబెట్టినట్టున్న తెల్లరాతి శిఖరం, దాని నడుముకు చుట్టుకున్న మెట్లదారి, పైన వెండి రేకులు తాపిన మఠం గోపురం. ఆ గోపురం మీద వాలిన పావురాలు ఒక్కసారి లేస్తే రాయి నుంచి ఒక పెచ్చు విడిపోయి గాలిలోకి ఎగిరినట్టుండేది.

కొండ పాదం దగ్గర గుర్రాన్ని పొదలో కట్టి, కేదారుడు వేషం వేసుకుని నడక సాగించాడు. పది బారలు నడిచాడో లేదో, కట్టెలమోపు నెత్తిన పెట్టుకున్న ఒక ముసలమ్మ మోపు కింద పడేసి అతని కాళ్ళ మీద పడింది.

"సామీ! మీరే దిక్కు!"

"లే, లే అవ్వా..."

"నా మనవడు సామీ. పటాలంలోంచి పారిపోయి వచ్చాడు. పట్టుకుంటే ఉరేస్తారు. మా పొలంలో గడ్డివాము కింద గొయ్యి తీసి దాచాను. రోజూ కట్టెలకని వచ్చి ముద్ద పెడుతున్నా. చెప్పు సామీ, బతుకుతాడా?"

కేదారుడు ఒక అడుగు వెనక్కి వేశాడు. ఆమె కళ్ళు అతని ముఖం మీద లేవు. బూడిద మీద, జడ మీద ఉన్నాయి. "బతుకుతాడు" అన్నాడు. అనేసి మెట్లు రెండేసి చొప్పున ఎక్కుతూ పారిపోయాడు. వెనక నుంచి ఆమె దండాలు పెడుతూనే ఉంది.

మఠం ద్వారం దగ్గర రెండు చిరుతలు గొలుసులతో ఉన్నాయి. అవి తులసిపూసల తావళాలు, విభూతి, కర్పూరం వాసనలకు అలవాటుపడ్డవి. కేదారుడి దగ్గర వచ్చింది గుర్రం వాసన. మగచిరుత గొలుసు తెంపుకుని మీదికి దూకింది. అతను పక్కకు దొర్లి, దుప్పటి కొంగు దాని ముఖం మీద కప్పి, వీపు మీంచి గెంతి గోడ పట్టుకున్నాడు. పంజా తగిలి పిక్క చీరుకుపోయింది. కాపలావాళ్ళు పరుగెత్తుకొచ్చేసరికి గోడ మీద కాషాయపు అంచు కూడా కనబడలేదు.

గోడ అవతల ఒక చిన్న రాతిగది. కిటికీ దగ్గర పులిచర్మం మీద ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. బక్కపలచని మనిషి. నున్నగా గీసిన తల. వేళ్ళు మాత్రం పొడుగ్గా, చురుగ్గా, ఏదో పనికోసం ఎదురుచూస్తున్నట్టు ఉన్నాయి. ఆయన తల తిప్పి ఒకసారి చూశాడు.

"జడ కుడివైపు బరువెక్కువైంది. గుర్రం తోక వెంట్రుక, మెరుస్తోంది. మేడిపాలు పూసి దుమ్ములో దొర్లించాలి. బూడిద మెడ దగ్గర ఆగిపోయింది. నిజమైన సన్యాసికి చెవుల వెనక కూడా ఉంటుంది." అని ఆగాడు. "ఎవరు నాయనా నువ్వు?"

"సన్యాసం పుచ్చుకున్న నాడు మార్తాండుడు చచ్చిపోయాడట. మరి చచ్చినవాడు నా జడలో తప్పెలా పట్టాడు?"

స్వామి తల దించుకున్నాడు.

"గండిమలుపు మజిలీ కాచన కొడుకుని. నువ్వు కట్టిన వేషం మా అరుగు మీద కూర్చుంది. మా నాయన దానికి మొక్కి, పాపమా అని అడిగాడు. రేపు నువ్వు మా అమ్మ చేతి అన్నానికి వస్తున్నావు."

"నేను ఏ ఇంటికీ వెళ్ళలేదు. వేషాలు కట్టేవాణ్ణి. ఎవరు వెళ్ళారో, ఎక్కడికి వెళ్ళారో, ఏం విన్నారో నాకు తెలియనిచ్చేవారు కాదు."

"నువ్వు వెళ్ళలేదు. నీ జడ వెళ్ళింది, నీ విభూతి వెళ్ళింది! నువ్వు దిద్దిన ఆ చల్లటి చూపు వెళ్ళింది! భటుడు కొడితే మా నాయన నోరు విప్పలేదు. నీ పనితనం చూసి విప్పాడు." కేదారుడు తన జడను గుప్పిట పట్టి చూపించాడు. "ఇందాక ఈ దిక్కుమాలిన వేషం చూసి ఒక ముసలమ్మ తన మనవణ్ణి ఎక్కడ దాచిందో చెప్పేసింది. నాకు అక్కర్లేదు ఆ సంగతి. తిరిగి ఇచ్చేద్దామంటే ఇవ్వలేను. ఒక్క రోజుకే నాకిట్లా ఉంది. నువ్వు ఏళ్ళ తరబడి అన్నం తిన్నావు దాని మీద!"

"తిన్నాను" అన్నాడు స్వామి. "అందుకే వదిలేశాను. ఇక నా చేతులతో మరో ముఖం చేయనని గురువుగారి పాదాలు పట్టుకుని ఒట్టు పెట్టాను. ఆ ఒట్టు మీదే ఈ కాషాయం నిలిచింది. ఈ చేతులు అప్పటి నుంచి పువ్వులు తప్ప మరొకటి పట్టలేదు."

అలా అంటూ ఆయన చూపు తనకు తెలియకుండానే కిటికీ వైపు వెళ్ళింది. కేదారుడు కూడా చూశాడు. సాయంకాలపు ఎరుపులో, రెండు కొండల అవతల, నల్లకోన కోట. దాని నెత్తిన ఆకుపచ్చటి వెలుగు ఒకటి సన్నగా వణుకుతోంది.

"ఏమిటది?"

స్వామి చప్పున చూపు తిప్పుకున్నాడు. కేదారుడు ఆయన భుజం పట్టి కుదిపాడు. "ఏమిటది? చెప్పు!"

"కంకాళభట్టు దీపం. కరాళకేతుడి మాంత్రికుడు వాడు. ఇంకా కోటలోనే ఉన్నాడు. ఖైదీల ఊపిరితో వెలుగుతుంది ఆ దీపం. అది ఆరితే వాడు చస్తాడు. అందుకని వాళ్ళను చావనివ్వడు."

"అంటే లోపల మనుషులున్నారు."

"ఉన్నారు."

"కొత్త రాజు కోట తలుపు ఏనుగులతో కుమ్మించాడు. తెరుచుకోలేదు, లోపల ఎవరూ మిగల్లేదని చాటింపు వేయించాడు."

"అది ఏనుగులకు తెరుచుకునే తలుపు కాదు. గుమ్మంలో రాతి బేతాళుడున్నాడు. కరాళకేతుడి ముఖం చూస్తేనే పక్కకు జరుగుతాడు. ఆ రాజు చచ్చాడు. ఇప్పుడు ఆ ముఖం మళ్ళీ చేయగలిగినవాడు..."

వాక్యం పూర్తి చేయలేదు. చేయవలసిన అవసరం కూడా లేకపోయింది.

కేదారుడు ఆయన భుజం మీంచి చెయ్యి తీసేశాడు. కాసేపు ఆ పులిచర్మం వైపు, దాని ముందున్న కిటికీ వైపు మార్చి మార్చి చూశాడు.

"ఇక్కడే కూర్చుని జపం చేస్తావా రోజూ? ఆ దీపం చూస్తూ?"

"చూస్తూనే."

"నువ్వు వేషాలు కట్టావని తిట్టడానికి వచ్చాను. అది పాత పాపం. ఇది రోజూ చేస్తున్నావు! నీ ఒట్టు మడి కట్టుకుని ఇక్కడ కూర్చుంది. మా నాయన నల్లకోనలో చీకట్లో కూర్చున్నాడు!"

మొలలోని కత్తి అతని చేతిలోకి వచ్చింది. స్వామి మెడ వంచాడు. ఎదురాడలేదు. ఆ వంచిన మెడ చూసేసరికి కేదారుడికి ఒళ్ళు మండిపోయింది. ఈ మెడ తెగితే ఆ ముఖం కూడా దీనితోనే పోతుంది.

"నిన్ను చంపడానికి కూడా వీల్లేకుండా చేశావు" అని కత్తిని గోడకేసి కొట్టాడు.

కాని అతను నల్లకోన పేరు అరిచింది కిటికీ ముందు. ఆ పేరు బిగ్గరగా పలికినచోటికి కంకాళభట్టు కాపలా వస్తుంది. ఆకుపచ్చ వెలుగులోంచి ఒక చుక్క విడిపడింది. చూస్తుండగానే రెక్కలు విప్పింది. ఎముకలతో అల్లిన రాబందు అది. ఒంటి మీద ఒక్క ఈక లేదు, కళ్ళ గుంటల్లో పచ్చటి నిప్పు.

"కింద గరుడగండి దగ్గర తాళ్ళబుట్ట ఉంది, పరుగెత్తు!" అని స్వామి అరిచాడు.

కేదారుడు కిటికీలోంచి దూకాడు. చరియ మీద జారి, ముళ్ళకంపల్లో పడి లేచి, గండి అంచుకు చేరాడు. ఈ కొండ నుంచి ఆ కొండకు కట్టిన మోకు మీద వేలాడే వెదురుబుట్ట ఉంది. అందులో పడి తాడు లాగాడు. బుట్ట సగం గండి దాటేసరికి రాబందు మీద పడింది. ముక్కుతో ఒక్క పోటు పొడిస్తే బుట్ట అడుగు ఊడింది. కేదారుడు మోకు పట్టుకుని వేలాడాడు. కింద మంచు, మంచు కింద ఎక్కడో ఏటి హోరు. రాబందు వెనక్కి తిరిగి, గోళ్ళు చాచి, తిన్నగా అతని తల మీదికి వచ్చింది. జడలన్నీ గుప్పిట్లో పట్టి ఒక్క గుంజు గుంజింది. జడలు ఊడి వచ్చేశాయి. తల దొరికిందనుకుని అది సంబరంగా కూస్తూ నల్లకోన వైపు ఎగిరిపోయింది.

గుర్రపు తోకను మోసుకుపోతున్న ఆ పక్షిని చూసి, చేతులు కోసుకుపోతున్నా కేదారుడికి నవ్వొచ్చింది. మోకు మీద చేతులు మార్చుకుంటూ అవతలి ఒడ్డుకు చేరి, ఒంటి మీది కాషాయపు దుప్పటి విప్పి గండిలోకి విసిరేశాడు. కొండ చుట్టు తిరిగి గాలిచుక్కను పొదలోంచి విప్పుకుని ఇల్లు చేరేసరికి తెల్లవారింది.

కొడుకు చెప్పిందంతా సింగసాని నిలబడే విన్నది. కాచన బతికి ఉండవచ్చునన్న చోట గుమ్మం పట్టుకుంది. స్వామి ఒట్టు దగ్గరికి వచ్చేసరికి ఆ చెయ్యి తీసేసింది.

"పిక్కకు పసుపు పెట్టుకో" అని మాత్రం అని వంటింట్లోకి వెళ్ళింది.

ఆమె ఆ రోజు చేసినంత వంట మజిలీలో ఎన్నడూ చేయలేదు. పెద్ద గుండిగలో అన్నం వార్చింది. ఉలవలు ఉడికిన నీళ్ళు వంచి, చింతపండు పిసికి, చారు చిక్కబడేదాకా కాచింది. 

మధ్యాహ్నానికి శంఖాలు, భేరీలు, వెయ్యి మంది జనం. ముందు శివంకరుడు, అతని వెనక చెప్పుల్లేని కాళ్ళతో స్వామి. ముఖం పాలిపోయి ఉంది. పెదవులు ఎండి పగిలాయి. గుమ్మం ముందు నిలబడి జోలె పట్టాడు.

"భవతి, భిక్షాం దేహి."

వీధిగుమ్మానికి ఎదురుగా నడవలో మూడు విస్తళ్ళు పరిచి ఉన్నాయి. సింగసాని మేకు మీంచి గరిటె తీసింది. జనం చేతులు జోడించారు. ఆమె లోపలికి నడిచి, ఆ గరిటెతో కొడుకు విస్తట్లో అన్నం పెట్టింది.

"కూర్చోరా. తిను."

జనంలో గుసగుసలు లేచాయి. స్వామి రెండోసారి పిలిచాడు. ఆమె కూతురికి వడ్డించింది.

"ఏమిటమ్మా ఇది?" శివంకరుడు గడప దాకా వచ్చేశాడు. "స్వామివారికంటే ముందు ఇంటివాళ్ళకా? లేదంటున్నావా? ఆ మాట నోటితో చెప్పు!"

"లేదని నేను అన్నానా? నీ చెవులేమైనా విన్నాయా?" అని సింగసాని తన విస్తరి ముందు కూర్చుంది. అన్నంలో ఉలవచారు పోసుకుని కలిపింది. అందరూ చూస్తుండగా మొదటి ముద్ద తిన్నది. "దవనా, చారులో ఉప్పు సరిపోయిందా?"

"సరిపోయిందమ్మా" అంది దవన.

మూడోసారి స్వామి పిలుపు సగంలో ఆగింది. "భవతి..."

సింగసాని తల ఎత్తింది. ఎంగిలిచెయ్యి విస్తరి మీదే ఉంచి, వీధిలో ఆఖరి మనిషికి కూడా వినబడేలా మాట్లాడింది. కాని చూపు పిల్లలిద్దరి మీదే ఉంది.

"నేనొక మాట అనుకున్నాను. తిన్నాక బయల్దేరుతున్నాం, ముగ్గురమూను. కేదారా, బండికి గుర్రాలు కట్టు. దవనా, ఆ గుండిగకు, చారు కుండకు మూతుల మీద గుడ్డ వాసెనలు కట్టి బండెక్కించు. తొలిభిక్ష వేస్తాను. ఈ గరిటెతోనే, నా చేత్తోనే వేస్తాను. ఎక్కడ వేయాలో ఆచారంలో లేదు. నల్లకోన గుమ్మంలో వేస్తాను."

ఆ పేరు వినగానే జనం ఆకాశం వైపు చూశారు. దూరంగా పచ్చటి చుక్క ఒకటి కదిలింది. సింగసాని అటు చూడలేదు.

"లోపలున్నవాళ్ళు ఒక్కొక్కళ్ళే బయటికొచ్చి తింటారు. మీ నాయన ఉంటే ఆయనకు పెడతాను. లేకపోతే ఆయన పక్కన ఉన్నవాడికి పెడతాను. అందరూ తిన్నాక, అడుగున ఏమైనా మిగిలితే, అది ఈయన జోలెలో వేస్తాను. అప్పుడు పీఠం ఎక్కుతాడో, గాడిదనెక్కుతాడో ఈయన ఇష్టం. అందాకా మంచినీళ్ళు ముట్టకూడదని వాళ్ళ ఆచారమే చెబుతోంది. ఆ దాహంతోనే నల్లకోన తలుపు తెరిచే ముఖం చేయాలి."

"ఇది అన్యాయం!" అన్నాడు శివంకరుడు. "స్వామివారు ఒట్టు తప్పితే సన్యాసమే పోతుంది!"

 స్వామి జోలెను మెల్లగా కిందికి దించాడు. ఆ పొడుగాటి వేళ్ళు ఒకదానితో ఒకటి రాసుకున్నాయి. ఆయన దవన వైపు చూశాడు.

"అమ్మాయీ, మీ ఇంట్లో మైనం ఉందా?"

దవన తల్లి వైపు చూసింది. సింగసాని ముద్ద కలుపుతూనే జవాబు చెప్పింది.

"జీనులకు పూసే మైనం బానెడు ఉంది. ముందు ఆ కాషాయం విప్పి గడప బయట పెట్టు. అప్పుడు అడుగు."